చెప్పుతో అద్దిన మొహం

మాబున్ని పొద్దున్నే ఫోన్ చేసింది. మూడో తరగతిలో నా పక్కన కూర్చునేది, ఇప్పుడు కొత్తచెరువులో కుట్టుమిషన్ పెట్టుకుని ఉంది. "ఏమే, మన బొమ్మల టీచరమ్మ పోయిందంట. యాడికి ఊర్లో వాళ్ళ చిన్నాయన కొడుకింట్లో ఉండె గదా, ఆడనే పోయిందంట" అని చెప్పింది.

ఇట్లాంటి కబురు వింటే ఎవరికైనా మనసు కలుక్కుమనాలి. కళ్ళలో నీళ్ళు తిరగాలి. నాకు భయం పట్టుకుంది. "ఏం జబ్బు?" అని అడిగాను. "జబ్బేందే, ముసల్ది. నిద్దట్లోనే పోయిందంట" అంది మాబున్ని. "మొగం మీద ఏమన్నా..." అనబోయి నోరు మూసుకున్నాను. అరవైకి దగ్గరపడినదాన్ని, ఇద్దరు మనవరాళ్ళకు అవ్వను. పట్టపగలు, ఫ్యాను కింద కూర్చుని, చెమటలు కక్కాను. నేను ఇంత పిరికిదాన్నని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. గొంతు పెద్దది కాబట్టి ధైర్యం కూడా పెద్దదే అనుకుంటారు.

మాది గోరంట్ల నుంచి ఇంకా లోపలికి పోవాల్సిన ఊరు. రెండు గదుల బడి, ఇద్దరే టీచర్లు. పెద్దయ్యవారు అని మేం పిలిచే హెడ్మాస్టరు ఒకరు, ఈమె ఒకరు. డెబ్బైల్లో, వరుసగా రెండేళ్ళు వాన మొహం చూడని కాలం అది. బుడ్డలు, అదే వేరుశనగ, విత్తినవాళ్ళకు విత్తనం కూడా తిరిగి రాలేదు. బళ్ళో సగంమంది పిల్లలు మధ్యాహ్నం పెట్టే గోధుమరవ్వ ఉప్మా కోసమే వచ్చేవాళ్ళు. నేనూ అందులో ఒకదాన్నే, దాచుకోవడం ఎందుకు.

ఆమె మొదటిరోజు గదిలోకి అడుగుపెట్టగానే మేమందరం నోళ్ళు తెరిచాం. నుదురు నుంచి గడ్డం దాకా మొహమంతా గుంటలు. స్ఫోటకం వచ్చి తగ్గిన మచ్చలు. ముక్కు చివర కొంచెం కొరికినట్టు ఉండేది. వెనక ఎవడో కిసుక్కుమన్నాడు. ఆమె వాణ్ణి ఏమీ అనలేదు. వరుసగా ఒక్కొక్కరి ముందు వంగి, తన మొహాన్ని మా మొహాలకు జానెడు దూరంలో పెట్టింది. "బాగా చూసుకోండి. ఇంకోతూరి చూడండి. అయిందా? ఇంక పలకలు తీయండి" అంది. నా దగ్గరికి వచ్చేసరికి నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. ఆమె కదల్లేదు. నేను కళ్ళు తెరిచేదాకా అట్లాగే వంగి నిలబడింది.

"ఇంకోతూరి" అనేది ఆమె నోట్లో ఎప్పుడూ నానే మాట. లెక్క రాకపోతే ఇంకోతూరి, కుక్క మొరిగితే భయపడినవాణ్ణి కుక్క దగ్గరికి తీసుకపోయి ఇంకోతూరి. "ఒగతూరి చూస్తే భయం. పదితూర్లు చూస్తే అది ఉత్త బొమ్మ" అనేది. ఇంత చెప్పే మనిషికి లోపల ఎంత భయముందో మాకేం తెలుసు?

హాజరు పిలిచేటప్పుడు ప్రతి పిల్లా ఆమె ముందుకు పోయి నిలబడాలి. చేతి వెనకవైపుతో నుదురు తాకేది. దీవిస్తోంది అనుకునేవాళ్ళం. మాబున్ని ఇంటికి పోయి వాళ్ళమ్మకు చెప్పి మురిసిపోయింది. అది జ్వరం చూడటమని నాకు పెద్దయ్యాక గాని తట్టలేదు. ఎవరి నుదురైనా కాస్త వెచ్చగా తగిలితే ఆమె పెదవులు బిగుసుకునేవి. ఆ పిల్లవాడు రెండోరోజు మళ్ళీ బడికి వచ్చేదాకా ఆమెకు పాఠం సాగేది కాదు. నల్లబల్ల మీద రాస్తూ రాస్తూ గుమ్మం వైపు చూసేది. ఊళ్ళో స్ఫోటకపు తల్లి పెద్దమ్మవారికి తప్పెట్లు మోగితే లేచి కిటికీ మూసి, మాతో ఎక్కాలు గట్టిగా అరిపించేది. మా తరగతికి పదహారో ఎక్కం నోటికి వచ్చిందంటే అది ఆ తప్పెట్ల చలవే.

శుక్రవారం మధ్యాహ్నం బొమ్మల క్లాసు. మేం ఏం గీసేవాళ్ళమో మీకు తెలుసు. అందరూ గీసేదే. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద ఏరు, ఏట్లో పడవ, గట్టున కొబ్బరిచెట్టు. ఒకరోజు ఆమె నా వెనక కూర్చునే పిల్లవాడి పలక చేతిలోకి తీసుకుంది.

"ఈ ఏరు యాడుండాదిరా?"

"తెల్దు టీచర్."

"పడవ ఎప్పుడన్నా చూసినావా?"

"లేదు టీచర్."

"మరి మీ ఇంట్లో రోజూ ఏం చూస్తావు?"

వాడు బుర్ర గోక్కుని, "బీడీకట్ట, టీచర్. మా నాయనది" అన్నాడు.

"అది గియ్యి" అంది.

మరుసటి వారం హాజరుపట్టీలోంచి ఒక కాగితం మడత తీసింది. ట్రైనింగులో ఉన్నప్పుడు ఏదో పాత పత్రికలోంచి చించుకుందట. అందులో ఒకే టెలిఫోను తొమ్మిదిసార్లు అచ్చువేసి ఉంది, ఒకటి పచ్చ, ఒకటి ఊదా, ఒకటి గులాబీ. మాలో టెలిఫోను చూసినవాళ్ళు ఎవరూ లేరు. అది ఇస్త్రీపెట్టె అని మాబున్ని గట్టిగా వాదించింది. ఆమె నవ్వి, "దీన్ని పాప్ ఆర్ట్ అంటారు. బజార్లో దొరికేదాన్ని, ఇంట్లో పడుండేదాన్ని తెచ్చి బొమ్మ చేసేది. దేవుళ్ళొద్దు, నెమళ్ళొద్దు. మీ ఇంట్లో రోజూ చూసే అచ్చుబొమ్మ ఒగటి తెండి. దాన్ని మళ్ళా మళ్ళా అద్దుదాం, తప్పు రంగుల్లో" అంది.

తప్పు రంగుల్లో! బళ్ళో తప్పు చేయమని చెప్పిన టీచరును అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

రంగులు కొనే స్తోమత బడికి ఎక్కడిది. పసుపు, దానిలో సున్నం కలిపితే ఎరుపు, బట్టలకు వేసే నీలిమందు, ఆకు పసరు, మసి. కొబ్బరి చిప్పల్లో పోసి పెట్టేది. ఇంక అచ్చులు. అచ్చులకు ఆమె కనిపెట్టిన వస్తువు తెగిపోయిన రబ్బరు చెప్పు. బ్లేడుతో కోస్తే జున్నుముక్కలా తెగుతుంది, రంగు పీలుస్తుంది, ఎన్నిసార్లు అద్దినా చెక్కుచెదరదు. ఊళ్ళో పారేసిన చెప్పులన్నీ ఏరుకొచ్చి బడి మూలన కుప్పవేసింది. పెద్దయ్యవారు చూసి, "చదువులతల్లి ఉండే చోట చెప్పులేందమ్మా?" అన్నారు. "చెప్పులేసుకొని వచ్చే పిల్లోళ్ళు ఒగరూ లేరు గదా సార్. ఈ రకంగానన్నా చెప్పుల్ని బడికి రానీండి" అందామె. ఆయన గొణుక్కుంటూ వెళ్ళిపోయారు.

పిల్లలు తెచ్చినవి చూడాలి! అగ్గిపెట్టె బొమ్మలు, సబ్బు కాగితాలు, టీ పొడి పొట్లం, యూరియా సంచి ముక్క. నాకు ఏమీ దొరకలేదు. మా ఇంట్లో అచ్చుబొమ్మ అనేది ఒక్కటే ఉంది. అది దేవుని గూట్లో ఉంది.

అది దేవుడి పటం కాదు. ఆ రోజుల్లో టీకాల వాళ్ళు, మా ఊరి మాటలో సూదులోళ్ళు, ఊరూరా జీపులో తిరిగేవాళ్ళు. ఒళ్ళంతా స్ఫోటకం పొక్కులతో ఉన్న పసిబిడ్డ బొమ్మ కార్డు మీద అచ్చువేసి చూపించి, ఇట్లాంటి బిడ్డ ఊళ్ళో ఎక్కడైనా ఉందా, ఉంటే చెప్పండి అని అడిగేవాళ్ళు. మా ఇంట్లో మంచినీళ్ళు తాగి, ఒక కార్డు వదిలిపోయారు. మా అవ్వ దాన్ని చూసి గుండెలు బాదుకుంది. ఆమెకు అది సర్కారు కార్డు కాదు, సాక్షాత్తూ అమ్మవారు. పారేస్తే కోపం, ఉంచుకుంటే భయం. చివరికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, దేవుని గూట్లో నిలబెట్టింది. అదే రోజు సూదులోళ్ళు మా తమ్ముడికి టీకా వేస్తామంటే, ఏడాది నిండని వాణ్ణి గంప కింద దాచి, పిల్లోడు ఊళ్ళో లేడని చెప్పింది. సూది పొడిస్తే అమ్మకు కోపం వస్తుందట.

ఆ కార్డును నేను గూట్లోంచి తీసి, పావడాలో దోపుకుని, బడికి పట్టుకుపోయాను. మా నాయన తెగిన చెప్పు ఒకటి కూడా.

మొహం అచ్చు కోయడానికి నాకు చాలాసేపు పట్టింది. కోడిగుడ్డు ఆకారంలో కోసి, కళ్ళు తవ్వి, పొక్కుల కోసం మేకుతో బెజ్జాలు పొడిచాను. మంచి అచ్చు. నా మొత్తం జీవితంలో చేతితో నేను చేసిన వస్తువుల్లో అంత బాగా వచ్చింది ఇంకోటి లేదు. ఎరుపులో నాలుగు అద్దాను, నీలంలో నాలుగు, పసుపులో నాలుగు. అప్పుడు ఆమె నీడ నా కాగితం మీద పడింది.

 తలెత్తి చూస్తే, ఆమె మెడ దగ్గర నరం కొట్టుకుంటోంది.

"ఇది యాడిది పాపా?"

"మా ఇంట్లో దేవుని గూట్లోది టీచర్."

ఆమె నా పక్కన నేల మీద చతికిలబడింది. ఇంక నా వీపు విమానం మోత మోగుతుందని నేను బిగుసుకున్నాను. ఆమె నా చేతిలోంచి అచ్చు తీసుకుని, ఆకు పసరులో ముంచి, కాగితం మీద పెట్టి పిడికిలితో గుద్దింది. మళ్ళీ ముంచింది, మళ్ళీ గుద్దింది. నాలుగుసార్లు. పళ్ళతో కింది పెదవి కొరుక్కుంటోంది. పదహారు మొహాలు వరుసగా, నాలుగు రంగుల్లో. చివరి పచ్చ మొహం కాస్త చిరిగింది.

"ఇప్పుడు చూడు. భయమైతాందా?"

"లేదు టీచర్." నిజంగానే లేదు. పచ్చగా ఉన్నవి చింతాకు పూసుకున్న పిల్లకాయల్లా ఉన్నాయి.

"నాకూ కొంచెం తగ్గింది" అంది. తర్వాత లేస్తూ, "ఇది బళ్ళోనే ఉండనీ. ఇంటికి తీసుకపోవద్దు. తెలిసిందా?" అంది.

తెలిసింది. అయినా తీసుకుపోయాను. గొప్ప, ఇంకేముంది! మిగిలిన వాళ్ళవి అగ్గిపెట్టెలు, నాది మనిషి మొహం. కార్డును ఎవరూ చూడకుండా గూట్లో పెట్టేశాను. కాగితాన్ని లోపలి గది తలుపు వెనక, మిగిలిన సంగటి ముద్ద పిసికి అంటించాను. ఆ తలుపు పగలంతా గోడకు ఆనించి తెరిచే ఉంటుంది కాబట్టి బొమ్మ ఎవరికీ కనపడదు. నేను మాత్రం సందులోంచి తొంగిచూసుకుని మురిసిపోయేదాన్ని. ఆ గదిలోనే మా తమ్ముడి ఉయ్యాల.

రెండు వారాలకో ఏమో, తమ్ముడికి జ్వరం వచ్చింది. రెండోరోజుకు ఒళ్ళంతా పొక్కులు. మా అమ్మ వాడి చొక్కా తీసి చూసి, అట్లాగే గోడకు జారగిలబడింది. అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "అమ్మ వచ్చినాది" అని మాత్రం అంది. గడపకు వేపమండలు కట్టారు. పోపు వేయడం మానేశారు. మా అమ్మ తల దువ్వుకోలేదు. నాయన బయట అరుగు మీద కూర్చుని ఎవరు వచ్చినా, పిల్లోడు వాళ్ళ అమ్మమ్మ ఊరికి పోయినాడని చెప్పాడు. ఎవరికైనా తెలిస్తే జీపు వస్తుంది, గుమ్మానికి కాపలా పెడతారు, బిడ్డకు సూదులు పొడుస్తారు. నన్ను బడికి పోనివ్వలేదు. నోరు తెరిస్తే నాలుక కోస్తానంది అవ్వ.

నాలుక కోసినా ఫరవాలేదు. నాకు తెలిసినది వాళ్ళకు తెలియదు. అమ్మవారి మొహాన్ని నేను చెప్పుతో కొట్టాను. ఒకసారి కాదు, పన్నెండుసార్లు. మా నాయన పేడలో, బురదలో తొక్కిన చెప్పుతో. అంత అవమానం చేస్తే ఆమె ఊరుకుంటుందా? నా మీదికి రావాల్సింది తమ్ముడి మీదికి వచ్చింది. కాగితం చించేద్దామంటే, ఆమెను చించినట్టు అవుతుందేమో. ఉంచుదామంటే, ముప్పై రెండు కళ్ళతో తలుపు వెనకనుంచి తమ్ముణ్ణి చూస్తూనే ఉంది. అన్నం నోట్లో పెట్టుకుంటే దిగేది కాదు. తమ్ముడు ఏడిస్తే భయం, ఏడుపు ఆపితే ఇంకా భయం.

ఆ మధ్యాహ్నం అందరూ లోపల ఉండగా దేవుని గూటి ముందు కూర్చున్నాను. ఎండకు పెరట్లో కోళ్ళు కూడా అరవడం లేదు. కార్డు మీది బిడ్డను చూస్తూ మొక్కాను. ఏమని మొక్కానో తర్వాత చెప్తాను. ఇప్పుడు రాయడానికి కూడా చేతులు రావడం లేదు.

మరునాడు పొద్దున టీచరమ్మ మా వీధిలోకి వచ్చింది. రెండురోజులుగా నేను బడికి పోలేదు, మాబున్నిని అడిగిందట. మామూలుగా ఆమె అడుగులు గబగబా పడేవి. ఆ రోజు మా ఇంటి వేపమండలు కనిపించిన దగ్గర్నుంచీ ఒక్కో అడుగు ఆగి ఆగి వేసింది. నేను అరుగు మీంచి దూకి పరిగెత్తాను. "రావద్దు టీచర్! లోపలికి రావద్దు!" అని కొంగు పట్టుకు లాగాను. ఆమె నా చేయి విడిపించుకుని గడప దగ్గరికి వచ్చింది. అవ్వ అడ్డంగా నిలబడింది.

"పిల్లోడు ఊర్లో లేడమ్మా."

"వేపమండ కనపడతాంది గదవ్వా."

"కనపడితే ఏం? బయటోళ్ళు రాకూడదు. నీకు తెలీదా?"

ఆమె వంగింది. మొదటిరోజు మా ముందు వంగినట్టే, మొహాన్ని అవ్వ మొహానికి దగ్గరగా పెట్టింది.

"చూడవ్వా. నేను బయటిదాన్నా?"

అవ్వ చూసింది. ఆ గుంటలన్నీ చూసింది. తర్వాత పక్కకు జరిగి, పసుపునీళ్ళు చెంబుతో తెచ్చి ఆమె కాళ్ళ మీద పోసింది. అమ్మవారు ఒకసారి వచ్చిపోయిన మనిషిని అమ్మవారి ఇంట్లోకి రావద్దనే హక్కు మా ఊళ్ళో ఎవరికీ లేదు.

ఆమె ఉయ్యాల దగ్గర కూర్చుని తమ్ముడి చేయి తీసుకుంది. పిడికిలి విప్పి, మిద్దె కప్పులోని కంతలోంచి పడే వెలుతురులో అరచేయి చూసింది. రెండో చేయి. అరికాళ్ళు. మళ్ళీ చేతులు. మళ్ళీ కాళ్ళు.    ఎన్నిసార్లు చూసిందో నేను లెక్కపెట్టలేదు.

"అరచేతుల్లో లేవు. అరికాళ్ళలో లేవు. మొగం మీద తక్కువ, పొట్ట మీద ఎక్కువ. ఇది ఆటలమ్మ. పెద్దది కాదు" అంది.

"ఖాయమేనా తల్లీ?" మా అమ్మ ఆమె చేయి పట్టుకుంది.

"మా ఇంట్లో ముగ్గురికి చూసినా. ఇద్దరు చెల్లెండ్లు, ఒగ తమ్ముడు. వాళ్ళ అరచేతులు నాకు ఈ పొద్దుటికీ గుర్తే. ఇట్లుండవు. వారం రోజుల్లో లేచి ఆడుకుంటాడు. అయినా గోరంట్ల డాక్టరుకు ఒగతూరి చూపించండి. వీనికి సూది కూడా ఏపించండి, ఈసారి దాయొద్దు."

మా అమ్మ తమ్ముడి కాళ్ళ మీద తల పెట్టి భోరుమని ఏడ్చింది. వీధిలోకి ఏడుపు వినపడుతుందని అవ్వ గబుక్కున తలుపు మూసింది. మూసేసరికి పదహారు మొహాలూ మా ఎదురుగా నిలబడ్డాయి.

ఏం చెప్పమంటారు. గోడలో కలిసిపోతే బాగుండనిపించింది.

అవ్వ కళ్ళు చికిలించి దగ్గరికి పోయింది. పోలిక పట్టింది. ఏళ్ళ తరబడి వంచిన నడుముతో ఆ బొమ్మల మీద వేలు పెట్టి తడిమింది. నా అచ్చులో చెప్పు అట్ట గళ్ళు స్పష్టంగా పడ్డాయి. మా అవ్వ మా నాయన చెప్పు అచ్చును దుమ్ములో రోజూ చూసే మనిషి.

"ఇది దేంతో అద్దినారు?"

నేను నోరు తెరిచే లోపలే ఆమె, "నేనే చేయించినా అవ్వా. చెప్పుతో" అంది.

"అమ్మ మొగాన్ని? చెప్పుతోనా?" అవ్వ గొంతు పైకి లేవలేదు. అది ఇంకా భయం. "నీకు భయం లేదా?"

"ఉండాదవ్వా. నాకుండేంత భయం ఈ ఊర్లో ఎవురికీ లేదు. ఒగే వారంలో ముగ్గురిని తీసుకపోయింది. నన్ను ఇట్ల చేసి ఇడిసిపెట్టింది. ఆ పొద్దు నుంచి ఎవురికి ఒళ్ళు కాలినా ఆమే వచ్చిందని భయపడతాండా. ఇరవై ఏండ్లాయె. ఒగతూరన్నా కొట్టాలనిపించింది. కొట్టినా."

 మా నాయనకు ముందు అవ్వకు ఇద్దరు పుట్టారని, ఇద్దరినీ అమ్మవారే తీసుకుపోయిందని నాకు అప్పటికే తెలుసు. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్ళు కారు. ప్రతి ఏడూ పెద్దమ్మకు అందరికన్నా ముందు నైవేద్యపు చద్దికుండ మోసుకుపోయేది మా అవ్వే. అవ్వ ఇప్పుడు టీచరమ్మ చెంప పగలగొడుతుందని, ఊరందరినీ పిలిచి బయటికి ఈడ్పిస్తుందని అనుకున్నాను.

అవ్వ తలుపు వైపు ఒకసారి చూసింది, ఎవరూ వినడం లేదు కదా అన్నట్టు. టీచరమ్మ దగ్గరికి జరిగి, గొంతు బాగా తగ్గించి అడిగింది.

"గట్టిగా తగిలిందా?"

 ఆమె తల ఊపింది. అవ్వ కూడా తల ఊపింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

తర్వాత అవ్వ వెంటనే మామూలు అవ్వ అయిపోయింది. లెంపలు వేసుకుంది, గూటి ముందు దీపం పెట్టింది. కాగితాన్ని జాగ్రత్తగా ఊడదీసి ఏం చేయాలో తెలియక పట్టుకుని తిరిగింది. కాలిస్తే తప్పు, చించితే తప్పు. నీళ్ళలో వదులుదామంటే మా ఊళ్ళో నీళ్ళు ఎక్కడివి? చివరికి చుట్టచుట్టి ఆమె చేతిలోనే పెట్టి, "నువ్వే తీసుకపో తల్లీ. నిన్నైతే ఇంకేం చేయలేదు. ఒగతూరి వచ్చినోళ్ళకు మళ్ళా రాదు" అంది.

ఆమె బయటికి వచ్చింది. నేను వెనకాలే పోయాను. సందు మలుపు దాకా ఎట్లానో ఓర్చుకున్నాను. తమ్ముడు బతుకుతాడు, అది తెలిసిపోయింది. అందుకే నా భయం ఇంకా పెరిగింది. అంటే నా మొక్కు అమ్మవారికి వినపడింది.

"టీచర్."

ఆగింది.

"నిన్న నేను మొక్కినా టీచర్."

"ఏమని?"

"తమ్ముణ్ణి ఇడిసిపెట్టు, టీచరమ్మను పట్టుకో అని."

నవ్వుతుందనుకున్నాను. మళ్ళా రాదని ఇప్పుడే గదా అవ్వ అన్నది, పిల్లలకు టీకాల గురించి పాఠం చెప్పింది ఈమే గదా, నవ్వి నా జడ పట్టి లాగుతుందనుకున్నాను. ఆమె నవ్వలేదు. చేతిలోని కాగితం చుట్ట జారి దుమ్ములో పడింది. వంగి తీసుకోలేదు. సందులో అటు చూసింది, ఇటు చూసింది. నా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఆ మొహంలో రంగు లేదు.

"పేరు చెప్పినావా?" అని అడిగింది.

"లేదు టీచర్. టీచరమ్మ అన్నా, అంతే."

"ఇంటిపేరు?"

"చెప్పలేదు టీచర్."

"మా ఊరు?"

"నాకు తెలీదు టీచర్."

కళ్ళు మూసుకుని ఊపిరి వదిలింది. నా రెండు భుజాలూ పట్టుకుంది. అంత ఎండలో ఆ చేతులు చల్లగా ఉన్నాయి.

"చెప్పొద్దు పాపా. ఎప్పుడూ చెప్పొద్దు. ఆమె నన్ను మరిచిపోయింది. గుర్తు చెయ్యొద్దు."

గుర్తు చేయలేదు టీచర్. ఇంత రాశాను, మీ పేరు ఎక్కడా రాయలేదు.